ఒక్క దెబ్బకు చచ్చే స్లైమే డ్రాగన్ క్వెస్ట్‌కు ముఖం ఎలా అయ్యింది?

ప్రశ్న: "అన్నా, ఫోన్‌లో డ్రాగన్ క్వెస్ట్ 8 మొదలుపెట్టాను. ఈ సిరీస్ గురించి ఎక్కడ వెతికినా ఆ నీలం స్లైమ్ బొమ్మే కనిపిస్తోంది. తీరా ఆటలో చూస్తే అది ఒక్క దెబ్బకే పోతోంది. ఇంత అర్భకపు మాన్‌స్టర్‌ని మస్కట్‌గా, అంటే సిరీస్ గుర్తుబొమ్మగా, ఎందుకు పెట్టుకున్నారు? దాని చుట్టం మెటల్ స్లైమ్ మాత్రం నేను కొట్టేలోపే పారిపోతోంది. దానికేమైనా ఉపాయం ఉందా?"

మాదాపూర్‌లో ఒక గేమ్ స్టూడియోలో పన్నెండేళ్లుగా డిజైనర్‌గా పనిచేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలో నేనిచ్చే పని ఒకటే: "ఆటలో మొట్టమొదట ఎదురయ్యే శత్రువుని గీసుకురండి." ప్రతిసారీ కొమ్ములు, కోరలు, నెత్తురు కారే కత్తులు వేసుకొస్తారు. అన్నీ చూసి, మార్కర్ తీసుకుని బోర్డు మీద ఒక నీటిబొట్టు గీస్తాను. అందులో రెండు గుండ్రటి కళ్లు, కింద వెడల్పుగా ఒక నవ్వు. పది సెకన్లు పట్టదు. ఎవరో ఒకరు "స్లైమ్!" అని అరుస్తారు. డ్రాగన్ క్వెస్ట్ ఒక్కసారి కూడా ఆడని పిల్లలు సైతం గుర్తుపడతారు. మీ మొదటి ప్రశ్నకు జవాబు సగం ఆ పది సెకన్లలోనే ఉంది. మిగతా సగం చెప్పాలంటే నేను చిన్నప్పుడు పోగొట్టుకున్న డబ్బుల సంగతి చెప్పాలి.

తొంభైలలో మా గల్లీలో 'టీవీ గేమ్' అంటే జపాన్‌లో నింటెండో అమ్మిన ఫామికామ్ అనే గేమ్ డబ్బాకి నకలు. అందరి దగ్గరా మారియో, కాంట్రా ఉండేవి. నేను దసరా మామూళ్లు కూడబెట్టి కోఠీలో ఒక దుకాణానికి వెళ్లాను. దుకాణంవాడు డ్రాగన్ బొమ్మ ఉన్న క్యాసెట్ చూపించి "ఇది ఫైటింగ్ గేమ్, మస్తుంటది" అన్నాడు. ఇంటికొచ్చి పెడితే తెరంతా జపనీస్ అక్షరాలే. ఒక రాజు, ఒక గది, మూడు పెట్టెలు. గుండీ నొక్కితే ఎనిమిది ఆదేశాల పట్టిక వస్తుంది, ఒక్కటీ చదవలేను. ఆ గదిలోంచి బయటపడటానికి నాకు రెండు రోజులు పట్టింది. మాట్లాడాలంటే ఒక ఆదేశం, ఆ పైన ఏ దిక్కుకు మాట్లాడాలో కూడా చెప్పాలి. తలుపు తియ్యడానికి ఒకటి, పెట్టెలోది తీసుకోవడానికి ఒకటి, ఆఖరికి మెట్లు దిగడానికి కూడా ఒకటి. ఆ దుకాణంవాడిని ఎంత తిట్టుకున్నానో!

ఆ క్యాసెట్ మొదటి డ్రాగన్ క్వెస్ట్ అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1986 మే 27న జపాన్‌లో విడుదలైంది. ఆ గదిని అలా కట్టింది కావాలనే అని కూడా అప్పుడే తెలిసింది. దాని రూపకర్త యూజీ హోరీకి అమెరికా కంప్యూటర్ ఆటలు విజార్డ్రీ, అల్టిమా అంటే పిచ్చి. కానీ ఫామికామ్ కొనుక్కున్న జపాన్ పిల్లలకు రోల్ ప్లేయింగ్, అంటే ఒక పాత్రలో దూరి దాన్ని పెంచుకుంటూ కథ నడిపే ఆట, ఏమిటో తెలియదు. అందుకని రాజు గదినే బడి చేశాడు. మాట్లాడటం, తాళం చెవి తీసుకోవడం, తలుపు తెరవడం, మెట్లు దిగడం. ఇవన్నీ నేర్చుకుంటేనే బయటికి వస్తారు. చదవడం రాని నేను కూడా వచ్చాను చూడండి, పాఠం ఎంత గట్టిగా చెప్పాడో.

బయటికి వచ్చాక ఇంకో చమత్కారం. రాజుగారి కోట దాటగానే నీళ్ల అవతల డ్రాగన్ రాజు కోట కనిపిస్తూనే ఉంటుంది. చివరి శత్రువు ఇల్లు మొదటి నిమిషంలోనే కళ్ల ముందు! కానీ అక్కడికి చేరాలంటే లోకమంతా తిరగాలి. హైటెక్ సిటీలో రోడ్డుకి అవతల కనిపించే ఆఫీసుకి యూటర్న్ కోసం రెండు కిలోమీటర్లు పోయినవాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

నాలుగడుగులు వేశాను. తెర మధ్యలో ఒక కిటికీ తెరుచుకుంది. అందులో నీలం బొట్టు. నవ్వుతోంది.

నిజంగా జంకాను. శత్రువు అయితే నవ్వకూడదు కదా? కొడితే చచ్చిపోయింది. వచ్చిన అనుభవం ఒక్కటంటే ఒక్క పాయింటు. మళ్లీ నాలుగడుగులు, మళ్లీ అదే నవ్వు. ఏడు పాయింట్లు రాగానే ఒక కొత్త సంగీతం మోగింది, అంకెలు పెరిగాయి. రెండో లెవెల్. మీరు ఇప్పుడు 'లెవెల్ అప్' అని అలవోకగా అనేస్తున్న ఆ మాట జపాన్‌లో లక్షల మంది పిల్లలకు తెలిసింది ఇలాగే, ఏడు స్లైమ్‌ల లెక్కన.

ఆ ఆటలో స్లైమ్‌కి ఉన్న ప్రాణం మూడు పాయింట్లే. మనవాడి ప్రాణం మొదట్లో పదిహేను అటూ ఇటూ. అది కొడితే ఒకటో రెండో పోతాయి. అంటే దాని చేతిలో చావడం కష్టం, కానీ పట్టించుకోకుండా తిరిగితే చస్తారు. ఈ లెక్క ఎంత నాజూకైందో డిజైనర్‌ని అయ్యాకే అర్థమైంది. మారియోలో మొదట ఎదురయ్యే ఆ గూంబా తగిలితే అక్కడికక్కడే ప్రాణం పోతుంది, అది చేతివాటం నేర్పే ఆట. స్లైమ్ నేర్పేది వేరు. ఎప్పుడు వెనక్కి తిరగాలి, ఎప్పుడు ఇంకొకటి కొట్టొచ్చు అనే తూకం నేర్పుతుంది. పైగా ఆ ఆటలో చచ్చినా అంతా పోదు. రాజు ముందే లేస్తారు, చేతిలో డబ్బు మాత్రం సగానికి సగం పోతుంది. హోరీ చేతిది మెత్తటి బెత్తం.

ఇక ఆ రూపం సంగతి. ఫామికామ్‌లో చోటు చాలక అంత సింపుల్‌గా గీశారని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. కాదు. విజార్డ్రీలో బుడగల స్లైమ్ ఒకటి ఉంది, అక్కడా అది మొదట్లో తగిలే చిన్న శత్రువే. దాని కంటే ముందు కాగితాల మీద ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటల్లో స్లైమ్ అంటే నేలమాళిగల్లో పాకే జిగురు, తగిలిందల్లా కరిగించి తినే రోత. హోరీ తన ఆట కోసం గీసి పంపిన చిత్తు బొమ్మ కూడా అలాంటిదే, కుప్పగా కారిపోయిన జిగురు ముద్ద. దాన్ని అందుకున్నది అకీరా తోరియామా. డ్రాగన్ బాల్ కామిక్స్ గీసిన చెయ్యి. హోరీ రాస్తున్న షోనెన్ జంప్ పత్రికే ఇద్దరినీ కలిపింది. తోరియామా ఆ కుప్పని పైకి లాగి, మొన తేల్చి, నీటిబొట్టు చేసి, దానికొక నవ్వు తగిలించి తిరిగి పంపాడు.

ఆ కళ్లని ఒకసారి దగ్గరగా చూడండి. రెండు తెల్లటి గుండ్రాలు, వాటి మధ్యలో నల్ల చుక్కలు. చూపు ఎక్కడో తేలిపోతూ ఉంటుంది. కోపం లేదు, భయం లేదు, తెలివి కూడా పెద్దగా ఉన్నట్టు లేదు. మధ్యాహ్నం భోజనం దండిగా తిని అరుగు మీద కూర్చున్న మనిషి చూపది. కనుబొమ్మలు లేకపోవడమే అందులో కిటుకు. నా దగ్గర పనిచేసే ఒకమ్మాయి స్లైమ్‌కి కనుబొమ్మలు పెట్టి చూపించింది. వెంటనే అది మామూలు విలన్ అయిపోయింది, రెండోసారి చూడబుద్ధి కాలేదు.

నవ్వే శత్రువుని ఏడుసార్లు కొట్టాలంటే ఆ దెబ్బ తేలికగా ఉండాలి. నెత్తుటి ముద్దని అన్నిసార్లు కొట్టించి ఉంటే ఆ ఆట పిల్లల ఆట అయ్యేది కాదు. ఇది నా అభిప్రాయం. కానీ పన్నెండేళ్లుగా మొదటి శత్రువుల్ని గీయిస్తూ, దిద్దుతూ ఏర్పడిన అభిప్రాయం.

చోటు చాలకపోవడం అన్న మాటలో నిజం లేకపోలేదు, అయితే అది బొమ్మ దగ్గర కాదు, అక్షరాల దగ్గర. మొదటి డ్రాగన్ క్వెస్ట్ మొత్తం 64 కిలోబైట్లు. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే ఒక్క 'శుభోదయం' ఫొటో కూడా అంతకంటే పెద్దది. అందుకని జపనీస్ లిపుల్లో ఒకటైన కటకానా అక్షరాలన్నీ పెట్టుకోలేక ఇరవై మాత్రమే ఎంచుకున్నారు. మాన్‌స్టర్ల పేర్లు, ఊళ్ల పేర్లు, మంత్రాల పేర్లు అన్నీ వాటిలోంచే రావాలి. మన లెక్కలో చెప్పాలంటే గుణింతాలూ ఒత్తులూ పక్కన పెట్టి ఇరవై అక్షరాలతో ఒక కథ మొత్తం రాయమన్నట్టు. ఆ ఇరవైలో సు, రా, ఇ, ము ఉన్నాయి. నాలుగూ కలిస్తే 'సురాయిము', అదే స్లైమ్.

ఈ సంగతి చదివినరోజు నాకు వెన్నులో జిల్లుమంది. ఎందుకంటే ఆ క్యాసెట్ పుణ్యమా అని నేను గుర్తుపట్టడం నేర్చుకున్న మొదటి జపనీస్ పదం అదే. ప్రతి పోరాటంలోనూ అవే నాలుగు గీతల గుంపులు. లెక్కల నోటుబుక్ వెనక పేజీలో పదే పదే రాసుకునేవాణ్ని, దాని పక్కన బొట్టు బొమ్మ. ఆట మధ్యలో ఆపాలంటే ఇరవై అక్షరాల పాస్‌వర్డ్ ఇస్తుంది. దాన్ని కూడా అదే పుస్తకంలో బొమ్మలు దించినట్టు దించుకున్నాను. మర్నాడు చూసి కొడితే ఒప్పుకోలేదు. ఎక్కడో ఒక కొక్కెం తిప్పడం మరిచాను. పది లెవెళ్ల కష్టం గంగపాలు. రెండో ఆటలో ఆ పాస్‌వర్డ్ 52 అక్షరాల దాకా పెరిగింది. అది నా చేతికి రాకపోవడం మా అమ్మ చేసుకున్న పుణ్యం. జపాన్‌లో బ్యాటరీతో సేవ్ చేసుకునే వీలు మూడో ఆటతో వచ్చింది.

మళ్లీ స్లైమ్ దగ్గరికి. మొదటి ఆటలోనే ఒక్క బొమ్మతో మూడు మాన్‌స్టర్లు చేశారు. నీలం రంగు వేస్తే స్లైమ్, ఎర్ర రంగు వేస్తే కాస్త గట్టిది, వెండి రంగు వేస్తే మెటల్ స్లైమ్. అదే గీత, అదే నవ్వు. కానీ మొదటిది కనిపిస్తే ఆవులింత వస్తుంది, మూడోది కనిపిస్తే గుండె దడదడ. రంగు మార్చి మనిషి మనసు మార్చడం అంటే ఇదే. అక్కడి నుంచి సిరీస్ ఆ బొట్టుని ఎన్ని రకాలుగా సాగదీసిందో చెప్తే రాత్రి అవుతుంది. రెండో ఆటలో దానికి తీగల కాళ్లు వచ్చి, గాయాలు మాన్పే హీల్‌స్లైమ్ అయ్యింది. నాలుగో ఆటలో ఎనిమిది స్లైమ్‌లు ఒకదానిమీద ఒకటి ఎక్కి, కిరీటం పెట్టుకున్న కింగ్ స్లైమ్ అవుతాయి. అదే ఆట మొదటి అధ్యాయంలో ఒక హీల్‌స్లైమ్ మనతోపాటు నడుస్తుంది, మనిషిగా మారాలని దాని కోరిక. అది తర్వాత నెరవేరుతుంది కూడా. అయిదో ఆటలో, అంటే 1992లో, కొట్టిన మాన్‌స్టర్లే మన జట్టులో చేరడం మొదలైంది. అందులో మామూలు నీలం స్లైమ్‌ని పట్టుకుని 99వ లెవెల్ దాకా పెంచిన ఓపికమంతులకు అది భగభగ మండే నిప్పు ఊదడం నేర్చుకుంటుంది. నేను పెంచలేదు, అంత తీరిక లేదు. పెంచినవాళ్లని చూశాను. వాళ్ల ముఖాల్లో ఒక గర్వం ఉంటుంది, పిల్లాడికి ఐఐటీలో సీటొచ్చిన తండ్రి గర్వం లాంటిది.

మస్కట్ల సంగతి అడిగారు కాబట్టి పక్కవాళ్లతో పోల్చి చూడండి. ఫైనల్ ఫాంటసీకి చొకోబో ఉంది, 1988లో రెండో ఆటలో వచ్చింది, ఎక్కి తిరగడానికి ఒక పక్షి. పోకెమాన్‌కి పికాచూ, జేబులో పెట్టుకుని తిరిగే నేస్తం. రెండూ మన పక్షమే. స్లైమ్ ఒక్కటే మనం చంపుతూ చంపుతూ ప్రేమించిన మస్కట్. ఆట మొదలుపెట్టిన ప్రతివాడికీ మొదట తగిలేది అదే. పెద్దవాడూ, పిల్లవాడూ, సగంలో వదిలేసినవాడూ, అందరి జ్ఞాపకంలోనూ ఉండేది అదొక్కటే. చివరి డ్రాగన్ రాజుని చూసింది ఎంతమంది? స్లైమ్‌ని చూడనిది ఎవరు? సినిమా చివరిదాకా కూర్చోనివాడు కూడా టైటిల్స్ చూస్తాడు కదా.

అర్భకపు ప్రాణి అన్నారు. పది లెవెళ్లు ఎదిగాక మొదటి ఊరికి తిరిగి వెళ్లి చూడండి. అప్పట్లో మిమ్మల్ని ఇంటికి పరుగెత్తించిన బొట్టు ఇప్పుడు గోరుతో గీరితే పోతుంది. అదేం మారలేదు, మీరు మారారు. గుమ్మం పక్కన గోడ మీద పిల్లల ఎత్తు గీతలు గీస్తుంటారు చూడండి, స్లైమ్ ఆ గోడ లాంటిది. గోడ కూడా పెరిగితే ఇక కొలిచేదేముంటుంది?

జపాన్‌వాళ్లు దాన్ని ఎంత నెత్తిన పెట్టుకున్నారంటే, 2004లో ఎనిమిదో ఆట వచ్చినప్పుడు స్లైమ్ ఆకారంలోనే ప్లేస్టేషన్ 2 కంట్రోలర్ అమ్మారు. గుండీలన్నీ దాని పొట్ట కింద. చేత్తో పట్టుకుని ఆడటం కంటే షోకేసులో పెట్టుకోవడం సుఖం. 2011లో అక్కడి ఫ్యామిలీమార్ట్ దుకాణాల్లో నీలం రంగు స్లైమ్ బన్నులు అమ్మారు, లోపల మాంసం కూర. ఫొటో చూసి మా అమ్మ "ఇదేం కుడుమురా, మొహం పెట్టారు" అంది. తప్పేం లేదు, అచ్చం ఆవిరి కుడుమే.

రెండో ప్రశ్న. మెటల్ స్లైమ్.

ఎనిమిదో ఆటలో దాని ప్రాణం నాలుగు పాయింట్లే. కానీ ఒంటికి లోహపు తొడుగు కాబట్టి మామూలు దెబ్బకి పోయేది సున్నా లేదా ఒకటి. మంత్రాలు దాని దగ్గర దండగ. మీరు తీరిగ్గా నాలుగు దెబ్బలు కొడదామనుకునేలోపు అది జారుకుంటుంది. దానిపై మెట్టు లిక్విడ్ మెటల్ స్లైమ్‌కి ఎనిమిది పాయింట్ల ప్రాణం, చంపితే 10,050 అనుభవం. మెటల్ కింగ్‌కి ఇరవై, చంపితే 30,010. అది బతికున్న జట్టు సభ్యులందరికీ పంపకం అవుతుంది. అయినా చిన్న శత్రువుల్ని గంటల తరబడి కొట్టుకుంటూ కూర్చున్నదానికంటే ఆ ఒక్క నిమిషం ఎక్కువ.

కాబట్టి బలం పెంచుకోవడం మానేసి, క్రిటికల్ దెబ్బ, అంటే అప్పుడప్పుడు మాత్రమే తగిలే మహా దెబ్బ, మీద గురిపెట్టండి. క్రిటికల్‌కి తొడుగు అడ్డం రాదు. మీ జట్టులోని యాంగస్‌కి గొడ్డలి నైపుణ్యంలో పాయింట్లు పెట్టుకుంటూ వెళ్తే హ్యాచెట్ మ్యాన్, ఆ తర్వాత ఎగ్జిక్యూషనర్ వస్తాయి. హీరోకి బల్లెం ఇస్తే థండర్ థ్రస్ట్ వస్తుంది. ఈ దెబ్బలన్నీ తగిలితే క్రిటికల్, లేకపోతే గాలికి. కత్తి అలవాటైతే మెటల్ స్లాష్ వాడండి, అది ఖాయంగా ఒకటో రెండో లాగుతుంది, లిక్విడ్ మెటల్ మీద మిగతావాళ్లకు సాయంగా ఉంటుంది. పాయింట్లని నాలుగు ఆయుధాలకూ పంచి పెట్టకండి. పంచిపెట్టినవాళ్లే ఎక్కువగా ఏడుస్తారు. ఇంకొకటి, జట్టులో మిగతావాళ్లు సొంత తెలివితో కొట్టే పద్ధతిలో ఉంటే మార్చి, ఆదేశాలు మీ చేతిలోకి తీసుకోండి. లేకపోతే మీకు కావలసిన సమయంలో యాంగస్ మామూలు దెబ్బ కొట్టి చేతులు దులుపుకుంటాడు.

ఫోన్‌లో ఈ ఆట నిలువుగా పట్టుకుని ఒంటిచేత్తో ఆడొచ్చు కాబట్టి మెట్రోలో నిలబడి ఆడటానికి కుదురుతుంది. పోయిన నెల నాగోల్‌లో మా అల్లుడితో కలిసి ఎక్కాను, మా చెల్లెలి కొడుకు, ఎనిమిదో క్లాసు. అమీర్‌పేట దగ్గర జనం తోసేస్తుంటే వాడి తెర మీద లిక్విడ్ మెటల్ ఒకటి కనపడింది. "మామా, ఎగ్జిక్యూషనర్ కొట్టనా?" అన్నాడు, ఊపిరి బిగబట్టి. కొట్టు అన్నాను. తప్పింది. పక్కన వేలాడుతున్న ఒక పెద్దాయన మా ఇద్దరి భుజాల మధ్యలోంచి తొంగి చూసి "పోయిందా బాబూ?" అన్నారు. ఇంకో దెబ్బ, బల్లెంతో. అదీ తప్పింది. మూడోసారి వంతు రాగానే ఆ వెండి ముద్ద నవ్వుతూనే పారిపోయింది. రాయదుర్గంలో దిగేదాకా పెద్దాయన వాడి ఫోన్ మీంచి కళ్లు తియ్యలేదు, మళ్లీ వస్తుందేమోనని.